బ్రహ్మకమలానికి తగిన వెలుగు: ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాలకు అనువైన పద్ధతులు

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాలలోనూ, కొల్లేటి చుట్టుపక్కల గ్రామాలలోనూ ఇంటి ముంగిట కుండీలో బ్రహ్మకమలం కనిపించడం నేడు సాధారణమైంది. ఒక కొమ్మ ముక్కను తెచ్చి మట్టిలో గుచ్చితే బతికే మొక్క కావడంతో ఇరుగుపొరుగుల చేతుల మీదుగానే ఇది ఇంతగా విస్తరించింది. అయితే పెంచేవారి నుంచి తరచుగా రెండు ఫిర్యాదులు వినవస్తాయి. అయిదారేళ్లుగా మొక్క ఏపుగా పెరుగుతున్నా ఒక్క మొగ్గ కూడా వేయలేదన్నది మొదటిది. పూలు పూస్తాయన్న ఆశతో డాబా మీదికి చేరిస్తే వేసవిలో కొమ్మలు పసుపుబారి, తెల్లని మచ్చలు పడి, ఎండిపోయాయన్నది రెండవది. ఈ రెండింటికీ మట్టిని, ఎరువును, కొన్ని ఇళ్లలో దిష్టిని కూడా కారణంగా చెప్పుకోవడం పరిపాటి. ఎక్కువ సందర్భాలలో అసలు కారణం వెలుగే. మొదటి మొక్కకు అది చాలలేదు; రెండవదానికి మితిమీరింది.

వెలుగు విషయంలో పెంచేవారికి దొరికే సలహాలలో చాలా భాగం ఐరోపా, అమెరికా దేశాలలో వెలువడిన పుస్తకాల నుంచి వచ్చినవి. దక్షిణపు కిటికీలో వెలుగు ఎక్కువ, ఉత్తరపు కిటికీలో ఎండే పడదు అన్న సూత్రం వాటిలో తరచుగా కనిపిస్తుంది. 45, 50 డిగ్రీల అక్షాంశంలో అది చాలావరకు నిజమే. సుమారు 16.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న ఏలూరులో ఆ సూత్రం ఏడాదిలో మూడు నెలలపాటు పూర్తిగా తలకిందులవుతుంది. కాబట్టి ఈ ప్రాంతంలో కుండీని ఎక్కడ ఉంచాలి అన్న ప్రశ్నకు, ఏ నెలలో అన్నది కూడా తెలిస్తే తప్ప సమాధానం చెప్పలేము.

మొక్క స్వభావం

ముందుగా పేరు గురించి ఒక మాట. హిమాలయాలలో 3,000 మీటర్లకు పైబడిన ఎత్తులో పెరిగే, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పమైన బ్రహ్మకమలం వేరు. అది సాసూరియా ఓబ్‌వల్లాటా. పొద్దుతిరుగుడు, చామంతి కుటుంబానికి చెందినది. తెలుగువారి ఇళ్లలో అదే పేరుతో పెరుగుతున్నది ఎపిఫిల్లం ఆక్సిపెటాలం. ఇది మెక్సికో, మధ్య అమెరికా అడవుల నుంచి వచ్చిన కాక్టస్. ఈ పేర్ల తికమక కేవలం పాండిత్యానికి సంబంధించినది కాదు. హిమాలయ మొక్క అనుకొని చల్లని చీకటి గదిలో దాచేవారూ, కాక్టస్ అనగానే ఎడారి మొక్కగా భావించి మండుటెండలో నిలిపేవారూ ఇద్దరూ నష్టపోతున్నారు.

అడవిలో ఈ మొక్క పెద్ద చెట్ల కొమ్మల పంగలలో, రాతి సందులలో పేరుకున్న ఆకుమట్టిలో వేళ్లూనుకొని పెరుగుతుంది. అంటే ఇది వృక్షోపజీవి. చెట్టును ఆధారంగా మాత్రమే వాడుకుంటుంది, దాని రసాన్ని పీల్చదు. పైనున్న కొమ్మల సందుల నుంచి జారిపడే ముక్కలు ముక్కలైన ఎండ దీనికి అందుతుంది. ఉదయం, సాయంత్రం ఏటవాలు కిరణాలు నేరుగా తాకుతాయి. నడినెత్తి ఎండ మాత్రం ఆకుల గొడుగు మీదనే ఆగిపోతుంది. ఇంటి దగ్గర మనం కల్పించవలసిన వెలుగుకు నమూనా ఇదే.

అందరూ ఆకులని పిలిచే పచ్చని, బల్లపరుపు భాగాలు నిజానికి కాండాలు. వృక్షశాస్త్రంలో వీటిని పత్రాభ కాండాలంటారు. అంచులలో కనిపించే నొక్కులలో ఏరియోల్ అనే చిన్న బుడిపె ఉంటుంది. కొత్త కొమ్మ అయినా, మొగ్గ అయినా అక్కడి నుంచే వస్తుంది. ఒక ఏరియోల్ సాధారణంగా ఒక్కసారే పూస్తుంది. పైగా పూలు ముదిరిన కొమ్మల మీదనే, అందులోనూ వెడల్పుగా పరచుకున్న కొమ్మల మీదనే ఎక్కువగా వస్తాయి. ఇందులో గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. ఈ ఏడాది వానకాలంలో పూచే కొమ్మ గత ఏడాది వెలుగుతో తయారైన కొమ్మ. జూలైలో పూలు లేవని జూలైలోనే కుండీని ఎండలోకి జరిపితే ఆ సంవత్సరానికి ప్రయోజనం స్వల్పం. మరుసటి ఏటికి మాత్రం అది పనికివస్తుంది.

ఈ మొక్క ఆహారం తయారుచేసుకునే తీరు కూడా వెలుగుతో ముడిపడి ఉంది. వరి, కొబ్బరి వంటి మొక్కలు పగటిపూట పత్రరంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువును తీసుకుంటాయి. బ్రహ్మకమలం, ఇతర కాక్టస్‌ల మాదిరిగానే, రాత్రి చల్లబడిన తర్వాత రంధ్రాలు తెరిచి ఆ వాయువును మాలిక్ ఆమ్లం రూపంలో నిల్వచేసుకొని, తెల్లవారిన తర్వాత రంధ్రాలు మూసి, ఆ నిల్వను ఎండ సాయంతో చక్కెరలుగా మార్చుకుంటుంది. రాత్రి ఎంత నిల్వ చేసిందో పగలు అంతవరకే వెలుగును వాడుకోగలదు. మే నెలలో రాత్రి ఉష్ణోగ్రత 27, 28 డిగ్రీల వద్దే నిలిచిపోయే కోస్తా మైదానంలో ఈ నిల్వ తగ్గుతుంది. ఉన్న కాస్త నిల్వ మధ్యాహ్నానికి తరిగిపోతుంది. ఆ తర్వాత పడే ఎండ మొక్కకు ఆహారం కాదు, భారం. వాడుకోలేని కాంతి పత్రహరితాన్ని దెబ్బతీస్తుంది. అందువల్లనే ఉదయపు మూడు గంటల ఎండకు తట్టుకున్న మొక్క, అంతే తీవ్రత ఉన్న సాయంత్రపు ఎండకు మాడిపోతుంది. గోదావరి జిల్లాలలో పడమటి వాకిలి కుండీలు ముందుగా చెడిపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

ఎంత వెలుగు కావాలి

బ్రహ్మకమలానికి దగ్గరి బంధువైన డ్రాగన్ ఫ్రూట్ మీద జరిగిన శరీరధర్మ పరిశోధనలు కొంత దారి చూపుతాయి. ఆ మొక్క ఒక రోజులో చదరపు మీటరుకు సుమారు 20 మోల్ కాంతి అందినప్పుడు గరిష్ఠంగా వాయువును గ్రహిస్తుందనీ, అంతకుమించి చాలా పెరిగితే గ్రహణం తగ్గుతుందనీ తేలింది. లక్సులలో చెప్పాలంటే ఇది పన్నెండు గంటల పగటికి సగటున సుమారు 25 వేల లక్సులు. నిర్మలమైన వేసవి రోజున ఆరుబయట అందే కాంతి దీనికి రెట్టింపు పైనే ఉంటుంది. మధ్యాహ్నం తీవ్రత లక్ష లక్సులను తాకుతుంది. ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో డ్రాగన్ ఫ్రూట్‌ను షేడ్‌నెట్ల కింద పెంచవలసి రావడానికి కారణమిదే. చెట్ల నీడకు మరింత అలవాటుపడిన బ్రహ్మకమలానికి ఇంకొంచెం తక్కువైనా సరిపోతుంది.

లక్సు మీటరు అందరి దగ్గరా ఉండదు. ఫోనులోని యాప్‌లు చూపే అంకెలు ఒక చోటును మరొక చోటుతో పోల్చుకోవడానికే పనికివస్తాయి. అంతకంటే నమ్మదగిన పాత పద్ధతి అరచేతి నీడ. మొక్క ఉన్నచోట తెల్లకాగితం పరచి, దానికి ఒక అడుగు ఎత్తున అరచేయి చాపాలి. వేళ్ల అంచులు కత్తిరించినట్లు స్పష్టంగా పడితే అది నేరుగా ఎండ. అంచులు మసకబారినా చేతి ఆకారం తెలుస్తుంటే మొక్కకు పగలంతా ఇష్టమైన వెలుగు. నీడ జాడే లేకపోతే అక్కడ మొక్క బతుకుతుంది కాని పూయదు. ఈ పరీక్షను ఉదయం 8, మధ్యాహ్నం 12, సాయంత్రం 4 గంటలకు మూడుసార్లు చేయడం మేలు. కంటిచూపును మాత్రం నమ్మరాదు. గదిలోని మసక వెలుగుకు కంటిపాప విప్పారి సర్దుకుంటుంది కనుక, ఆరుబయటి వెలుగులో నూరోవంతు ఉన్న చోటు కూడా మనకు వెలుతురుగానే తోస్తుంది.

ఏలూరు ఆకాశంలో సూర్యుడి దారి

ఈ ప్రాంతంలో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. మొదటిసారి మే 7, 8 తేదీల ప్రాంతంలో, అంటే భరణి కార్తె చివర. రెండవసారి ఆగస్టు 5, 6 తేదీల ప్రాంతంలో, ఆశ్లేష కార్తె ఆరంభాన. ఈ రెండింటి నడుమ ఉన్న మూడు నెలలూ సూర్యుడు ఉదయించడం నుంచి అస్తమించడం వరకు ఆకాశపు ఉత్తరార్ధంలోనే సంచరిస్తాడు. జూన్ 21న ఉదయించే చోటు నేరుతూర్పు నుంచి ఇరవై నాలుగు డిగ్రీలకు పైగా ఉత్తరానికి జరిగి ఉంటుంది. డిసెంబరులో అంతే మేర దక్షిణానికి జరుగుతుంది.

దీని ఫలితం ఇంటి వసారాలో స్పష్టంగా కనిపిస్తుంది. నేరుగా దక్షిణముఖమైన వసారాకు చూరు అంచు నేల నుంచి ఏడడుగుల ఎత్తున ఉందనుకుందాం. డిసెంబరు మూడవ వారంలో మధ్యాహ్నం సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తునే ఉంటాడు కనుక ఎండ దాదాపు ఆరడుగుల లోపలి వరకు వస్తుంది. మార్చి, సెప్టెంబరు 21 తేదీల నాటికి అది రెండడుగులకు తగ్గుతుంది. మే రెండవ వారం నుంచి ఆగస్టు తొలి వారం వరకు ఆ వసారాలో నేరుగా ఎండ అసలు పడదు. అంటే దక్షిణపు వసారా చలికాలంలో ఎండిల్లు, వేసవి నడుమ నీడిల్లు. ఈ మొక్కకు ఇంతకంటే అనుకూలమైన ఏర్పాటు అరుదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మెత్తని ఎండలో కొమ్మలు ముదురుతాయి. రోహిణి కార్తె మంటలలో వాటంతటవే నీడలో ఉంటాయి. మార్చి, ఏప్రిల్‌లలో మాత్రం కుండీని చూరు అంచు నుంచి మూడడుగులు లోపలికి జరపాలి.

ఉత్తరపు వసారా దీనికి విరుద్ధం. చలికాలమంతా అక్కడ ఎండ సోకదు. మే నుంచి జూలై వరకు ఉదయం ఈశాన్యం నుంచి, సాయంత్రం వాయవ్యం నుంచి ఏటవాలు ఎండ నేరుగా లోపలికి వస్తుంది. ఉదయపుది మేలే చేస్తుంది. మే నెల సాయంత్రం వాయవ్యం నుంచి వచ్చేది, వడగాలితో కలిసి, ఒకటి రెండు రోజులలోనే కొమ్మలను మాడ్చగలదు. ఉత్తరపు వాకిలి చల్లగా ఉంటుందన్న నమ్మకంతో వేసవికి కుండీని అక్కడికి మార్చేవారు పడమటి వైపున ఒక తాటాకు తడికనో, గోనెపట్టానో తప్పక కట్టాలి.

ఏడాది పొడవునా కుండీని కదపలేనివారికి తూర్పు వసారాయే శ్రేయస్కరం. అదే ఏడడుగుల చూరు కింద, అంచు నుంచి నాలుగడుగులు లోపల, నేల నుంచి రెండడుగుల ఎత్తున్న మొక్క కొసను లెక్కకు తీసుకుంటే, ఎదురుగా అడ్డు లేనప్పుడు సూర్యోదయం నుంచి మొదలైన ఎండ అక్కడి నుంచి జూన్‌లో సుమారు 9.20 గంటలకూ, డిసెంబరులో సుమారు 9.50 గంటలకూ తొలగిపోతుంది. ఋతువు మారినా పెద్దగా తేడా రాదు. ఆ తర్వాత రోజంతా ఆకాశపు వెలుగు అందుతూనే ఉంటుంది. మరీ లోతుగా గోడకు ఆనించితే ఎండ గంటన్నరకు, రెండు గంటలకు పడిపోవచ్చు. మొక్క పచ్చగా ఉంటూనే పూయని స్థితి అక్కడ మొదలవుతుంది.

పడమటి వసారా గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. నవంబరు నుంచి జనవరి వరకు పనికివస్తుంది. మిగిలిన కాలమంతా తెర లేకుండా అక్కడ ఉంచరాదు.

పట్టణం, మెట్ట అంచు, కొల్లేటి తీరం

ఏలూరులో పవర్‌పేట, రామచంద్రరావుపేట వంటి పాత పేటలలో ఇళ్లు దగ్గరదగ్గరగా ఉన్న చోట్ల వీధి నుంచి నేరుగా ఎండ వచ్చేది పొద్దు నడినెత్తికి ఎక్కిన తర్వాతే. ఉదయం, సాయంత్రం ఎదుటి మేడలు అడ్డుపడతాయి. అడవిలో ఈ మొక్కకు దొరికేదానికి ఇది సరిగ్గా తలకిందులు: కావలసిన ఏటవాలు ఎండ లేదు, వద్దనుకున్న మధ్యాహ్నపు ఎండ మాత్రం ఉంది. ఇటువంటి ఇళ్లకు డాబాయే గతి. అయితే డాబా మీద నెట్ లేకుండా పెంచడం సాధ్యంకాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు 50 శాతం షేడ్‌నెట్, మార్చి నుంచి మృగశిర కార్తెలో వానలు నిలదొక్కుకునే వరకు 75 శాతం నెట్ వాడవచ్చు. నెట్‌ను మొక్కకు తగిలేలా కప్పకుండా కనీసం మూడడుగుల ఎత్తున కట్టాలి. లేకుంటే కింద వేడిగాలి నిలిచిపోతుంది. కుండీని కాంక్రీటు మీద నేరుగా పెట్టకుండా ఇటుకలపై నిలపాలి. పగలంతా కాగిన శ్లాబు రాత్రి పొద్దుపోయే వరకు వేడిని వదులుతూనే ఉంటుంది. రాత్రి చల్లదనమే ఈ మొక్కకు అన్నం వేళ అని పైన చెప్పుకున్నాం.

తాడేపల్లిగూడెం డెల్టాకూ మెట్టకూ మధ్యన ఉన్న పట్టణం. ఉద్యాన విశ్వవిద్యాలయం 2007లో ఏర్పడిన వెంకట్రామన్నగూడెం వైపు వెళ్లేకొద్దీ ఎర్రనేలలు, తోటలు మొదలవుతాయి. ఇటువైపు పెరడున్న ఇళ్లలో చెట్టు నీడ అందుబాటులో ఉండటం గొప్ప సౌకర్యం. కాని అన్ని నీడలూ ఒకటి కావు. మామిడి, సపోటాల నీడ దట్టమైనది. వాటి మొదట్లో పెట్టిన బ్రహ్మకమలం సన్నని తీగలు సాగిస్తుంది. కొబ్బరి మట్టల కింద ఎండ చారలు చారలుగా పడి గంటగంటకూ జరుగుతుంటుంది కనుక ఏ కొమ్మా ఎక్కువసేపు ఎండలో చిక్కుకోదు. మునగ, వేప నీడలు కూడా ఈ జాతివే. వేపతో ఒక చిక్కుంది. అది ఆకు రాల్చేది ఫిబ్రవరి, మార్చి నెలలలో, సరిగ్గా ఎండ ముదిరే సమయంలో. చలికాలమంతా పలుచని నీడకు అలవాటుపడిన మొక్క మీద రెండు మూడు వారాలు ఒక్కసారిగా ఎండ పడుతుంది. వేప చిగురించే వరకు ఒక పాత నేత చీరను పైన కట్టినా చాలు.

కొల్లేరు దేశం పూర్తిగా వేరు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరిన ఈ మంచినీటి సరస్సు చుట్టూ కైకలూరు, ఆకివీడు మండలాలలో చేపల చెరువుల మధ్య గట్ల మీద, లంకలలో ఇళ్లున్నచోట పెద్ద చెట్లు తక్కువ. ఆకాశం నలువైపులా తెరుచుకొని ఉంటుంది. నీటి మీద నుంచి వచ్చే ప్రతిఫలనం వల్ల మొక్కలు మాడుతాయన్న అనుమానం అక్కడక్కడ ఉంది. పొద్దు నెత్తికెక్కిన తర్వాత నీరు తన మీద పడిన కాంతిలో కొద్ది శాతాన్ని మాత్రమే తిప్పికొడుతుంది. ఉదయం, సాయంత్రం కిరణాలు బాగా ఏటవాలుగా ఉన్నప్పుడే తళతళ ఎక్కువ. అప్పటి ఎండ ఎలాగూ మెత్తనిది కనుక దానివల్ల ముప్పు లేదు. ముప్పు ఉన్నది రేకుల చూరు వల్ల. సిమెంటు రేకుల కింద వేలాడదీసిన కుండీలలో కొమ్మలు ముడుచుకుపోతే చాలామంది ఎండ తగిలిందనుకొని ఇంకా లోపలికి, ఇంకా పైకి జరుపుతారు. అక్కడ తగిలింది ఎండ కాదు, రేకు సెగ. కుండీని రేకుకు నాలుగడుగులైనా కిందికి దించి, గాలి ఆడేచోట తూర్పు ముఖంగా ఉంచితే కోలుకుంటుంది. డిసెంబరు, జనవరి నెలలలో కొల్లేటి ఉదయాలు పొగమంచుతో ఆలస్యంగా తెల్లవారుతాయి. ఆ రెండు నెలలు కుండీని చూరు అంచుకు దగ్గరగా జరిపి పదిన్నర, పదకొండు గంటల వరకు ఎండ తగలనివ్వాలి.

ఇంటి లోపల

గదిలోపల బ్రహ్మకమలాన్ని బతికించవచ్చు, పూయించడం కష్టం. కిటికీ దగ్గర కొన్ని వేల లక్సులున్న వెలుగు రెండు మూడు మీటర్లు లోపలికి వెళ్లేసరికి కొన్ని వందలకు పడిపోతుంది. కొల్లేటి ఊళ్లలో కిటికీలకు తప్పనిసరైన దోమతెర దానిలోనూ గణనీయమైన భాగాన్ని అడ్డుకుంటుంది. దుమ్ముపట్టిన తెర మరింత ఎక్కువగా. కాబట్టి లోపల ఉంచదలచినవారు తూర్పు కిటికీకి అడుగు దూరంలోనే ఉంచి, తెరను నెలకొకసారి కడగాలి. పడమటి కిటికీ అద్దానికి ఆనించరాదు.

విద్యుద్దీపాల మీద పెట్టుకునే ఆశలు తరచుగా లెక్కకు నిలవవు. ఇళ్లలో వాడే 20 వాట్ల ఎల్‌ఇడి ట్యూబు కింద అడుగు దూరంలో వెలుగు సుమారు 2,000 లక్సులు. పన్నెండు గంటలు వెలిగించినా పైన చెప్పిన 20 మోల్ పరిమాణంలో అది పదోవంతు కూడా కాదు. మొక్కను పచ్చగా నిలపడానికి అది పనికిరావచ్చు. పూత కోసం ఖర్చుపెట్టదగినది కాదు. ఆ డబ్బుతో కుండీకి చక్రాల పీట కొంటే ప్రయోజనం ఎక్కువ.

వెలుగు తగ్గినచోట నీరు కూడా తగ్గాలి. ఎండలో మూడు రోజులకు ఆరే కుండీ గదిలో పది రోజులైనా ఆరదు. లోపల ఉంచిన మొక్కలు చాలావరకు చీకటి వల్ల కాక, చీకటిలో రోజూ పోసిన నీటి వల్ల వేరు కుళ్లి చనిపోతాయి. కొల్లేటి నల్లరేగడి మట్టిని నేరుగా కుండీలో నింపినప్పుడు ఈ నష్టం మరీ త్వరగా వస్తుంది. కొబ్బరి పొట్టు, ఆకుమట్టి, ముతక ఇసుక కలిపిన తేలిక మిశ్రమమే వాడాలి.

అలవాటు చేయడం, గుర్తులు చదవడం

కడియం, కడియపులంక నర్సరీల నుంచి తెచ్చిన మొక్కలు షేడ్‌నెట్ల కింద, ఒకదాని నీడలో మరొకటి పెరిగినవి. వాటిని తెచ్చిన రోజే డాబా మీద పెట్టడం ఎక్కువగా జరిగే తప్పు. నీడలో తయారైన కొమ్మ ఎండకు పూర్తిగా ఎన్నటికీ అలవాటుపడదు; ఎండలో పుట్టిన కొత్త కొమ్మ మాత్రమే ఎండను ఓర్చుకుంటుంది. మొదటి పది రోజులు పూర్తి నీడలోనూ, తర్వాత ఉదయం అరగంట ఎండలోనూ ఉంచి, నాలుగైదు రోజులకొకసారి మరో అరగంట చొప్పున పెంచుతూ రెండున్నర, మూడు గంటలకు చేర్చాలి. ఇందుకు జూన్ రెండవ పక్షం గాని, నవంబరు గాని అనుకూలం. మార్చి నుంచి మే వరకు నీడ నుంచి ఎండకు మార్చే ప్రయత్నమే చేయరాదు.

వెలుగు సరిపోతున్నదో లేదో మొక్కే చెబుతుంది. కొత్త కొమ్మలు చప్పగా పరచుకోకుండా పొడవుగా, గుండ్రంగా, కొరడాలా సాగితే వెలుగు చాలడం లేదు. ముదురు పచ్చ రంగు ఆరోగ్యానికి గుర్తని చాలామంది మురిసిపోతారు. ఈ మొక్కలో అది తరచుగా నీడకు గుర్తు. లేతపచ్చ రంగు, వెడల్పైన కొమ్మలు, చిగురు అంచున స్వల్పంగా ఎరుపు ఉంటే వెలుగు సరిగ్గా ఉంది. ఎరుపు కొమ్మంతా పాకినా, పచ్చదనం పోయి పసుపుబారినా ఎండ ఎక్కువవుతున్నది. అప్పుడే జరిపితే రెండు మూడు వారాలలో రంగు తిరిగి వస్తుంది. తెల్లగా పాలిపోయి తర్వాత గోధుమరంగు బెరడులా గట్టిపడిన మచ్చ మాత్రం మళ్లీ పచ్చబడదు. ఆ మచ్చను తెగులుగా భావించి శిలీంధ్రనాశిని చల్లడం వృథా. ఎండమచ్చ సూర్యుడికి ఎదురుగా ఉన్న పక్కన మాత్రమే ఉంటుంది, రోజురోజుకూ వ్యాపించదు. కుళ్లు మచ్చ మెత్తగా, తడిగా ఉండి పెరుగుతూ పోతుంది. ఈ తేడా తెలిస్తే మందుల ఖర్చు తప్పుతుంది.

రాత్రి చీకటి

కాక్టస్‌ల పూతలో పగటి తీవ్రతతోపాటు పగటి నిడివికీ పాత్ర ఉంది. ఏలూరులో అతి దీర్ఘమైన పగలు సుమారు 13 గంటల 8 నిమిషాలు, అతి చిన్న పగలు సుమారు 11 గంటల 8 నిమిషాలు. ఈ రెండు గంటల తేడాయే డ్రాగన్ ఫ్రూట్‌కు చాలు. అది పగలు పెరిగినప్పుడు పూచే మొక్క కావడంతో వియత్నాం రైతులు రాత్రివేళ తోటలలో దీపాలు వెలిగించి అకాలంలో పూత తెప్పిస్తున్నారు. నర్సరీలలో దొరికే క్రిస్మస్ కాక్టస్ ఇందుకు వ్యతిరేకం. దీర్ఘమైన చీకటి రాత్రులు, అవీ చల్లని రాత్రులు ఉంటేనే మొగ్గ తొడుగుతుంది. వీధి దీపం వెలుగు పడే బాల్కనీలో దానిని ఉంచి పూల కోసం ఎదురుచూడటం నిష్ఫలం. ఈ రెండింటి అనుభవాన్నీ బ్రహ్మకమలానికి యథాతథంగా అన్వయించరాదు. దీపం వేసి దీనికి మొగ్గ తెప్పించాలని చూసే బదులు, రాత్రిపూట సహజమైన చీకటిని వదిలిపెట్టడమే క్షేమం. రాత్రి రంధ్రాలు తెరిచి పనిచేసే మొక్కకు తల మీద తెల్లవార్లూ వెలిగే దీపంతో లాభమేమీ లేదు. గేటు దీపం కిందనో, చెరువు గట్టు దీపపు స్తంభం పక్కనో ఉన్న కుండీని కొన్ని అడుగులు పక్కకు జరిపితే సరిపోతుంది.

మొగ్గ నుంచి పువ్వు వరకు

ఈ ప్రాంతంలో మొగ్గలు ప్రధానంగా జూన్ నుంచి అక్టోబరు వరకు, వానలతోపాటు విడతలు విడతలుగా వస్తాయి. నొక్కులో ఎర్రని చిన్న ములుకులా కనిపించినప్పటి నుంచి విచ్చుకునే వరకు సుమారు మూడు నాలుగు వారాలు పడుతుంది. ఈ వ్యవధిలో వెలుగు మారకూడదు. దక్షిణపు వసారాలో మూడు నెలలు ఎండ ఉండదు కనుక, అక్కడున్న మొక్కను తూర్పుకు మార్చదలిస్తే మొగ్గలు కనిపించకముందే, వానలు మొదలైన వెంటనే మార్చాలి. మొగ్గ తొడిగిన తర్వాత ముచ్చటపడి హాలులోకి తెచ్చి పెడితే చాలా మొగ్గలు పసుపుబారి రాలిపోతాయి. ఎడతెగని ముసురులో మొగ్గలు కొన్ని రాలడం సహజం. దానికి మందు లేదు.

కిందికి వేలాడుతున్న మొగ్గ మెడ వంచి పైకి లేచి, తెల్లగా ఉబ్బితే ఆ రాత్రే విచ్చుకుంటుందని గ్రహించవచ్చు. ఎనిమిది, తొమ్మిది గంటలకు మొదలై అర్ధరాత్రికి పూర్తిగా విప్పారి, తెల్లవారేసరికి వాడిపోతుంది. స్వదేశంలో రాత్రివేళ తిరిగే పెద్ద రెక్కల పురుగుల కోసం ఏర్పడిన తెలుపు, పరిమళం అవి. పూజ కోసమో, బంధువులకు చూపడం కోసమో ఆ ఒక్క సాయంత్రం కుండీని లోపలికి తేవడం వల్ల మొక్కకు హాని లేదు. అప్పటికి మొగ్గ పని పూర్తయి ఉంటుంది. మరునాడు ఉదయం తిరిగి పాత చోటనే, పాత ముఖంగానే ఉంచాలి.

పూచిన కొమ్మను కొందరు పనైపోయిందని కోసివేస్తారు. పూచిన నొక్కు మళ్లీ పూయకపోయినా, అదే కొమ్మ మీద పూయని నొక్కులు ఇంకా ఎన్నో మిగిలి ఉంటాయి. కోయవలసినవి వెలుగు చాలక కొరడాల్లా సాగినవి మాత్రమే. వాటిని అక్టోబరు చివర తీసివేసి, నవంబరు మొదటి వారంలో కుండీని దక్షిణపు లేదా ఆగ్నేయపు ఎండకు చేర్చితే, కొత్తగా వచ్చే కొమ్మలు చలికాలపు మెత్తని ఎండలో వెడల్పుగా పరచుకుంటాయి.